మడవ కట్టే మందు

అద్దంకి–నార్కట్‌పల్లి రహదారీ, గుంటూరు నుంచి సత్తెనపల్లి మీదుగా వచ్చే దారీ కలిసే చోటు కొండమోడు. దాని పక్కనే రాజుపాలెం. పల్నాడులోని చాలా మండలాల్లాగే ఇక్కడా పత్తి, మిరప రైతుకు ప్రాణం. ఈ రెండు పంటలూ పురుగుతో పోరాడకుండా చేతికి రావు. పచ్చదోమ, తెల్లదోమ, గులాబీ రంగు పురుగు, 2021లో మిరప తోటల్ని ఊడ్చిపెట్టిన నల్ల తామర పురుగు: ఒకటి పోతే ఇంకొకటి వస్తుంది. అందుకని మందు కొట్టడమూ ఆగదు. చేలో మందు కొడుతూ ఎవరో ఒకరు కళ్ళు తిరిగి కూలబడటం, "మందెక్కింది" అంటూ పదిమందీ పరుగెత్తుకు రావడం పత్తి పండే ఊళ్ళకు కొత్త కాదు.

రసాయన ప్రమాదం అనగానే మనకు ఫ్యాక్టరీ గ్యాసో, ఎక్కడో దూరదేశంలో జరిగిన ఉగ్రవాద దాడో గుర్తుకొస్తుంది. 1995 మార్చి 20 ఉదయం టోక్యో భూగర్భ రైళ్ళలో ఓమ్ షిన్రిక్యో ముఠా వదిలిన సారిన్ విషం అలాంటిదే. కానీ సారిన్‌కూ, పత్తి చేలో కొట్టే క్లోరిపైరిఫాస్‌కూ చుట్టరికం ఉంది. రెండూ ఆర్గానోఫాస్ఫేట్ కుటుంబానివే. తీవ్రతలో పోలికే లేదు, కానీ ఒంట్లో రెండూ దెబ్బకొట్టే చోటు ఒక్కటే. అందుకే ఆ రోజు టోక్యో వైద్యులు వాడిన విరుగుడూ, మందెక్కిన రైతుకు మన ఆసుపత్రుల్లో ఎక్కించే విరుగుడూ ఒక్కటే. ఆ విరుగుడు ఎలా పనిచేస్తుందో, దాని ముందూ వెనకా ఉన్న ఒక్కో మెట్టును ఎంత ఆలోచించి కట్టారో చూడటమే ఈ వ్యాసం పని.

మొదటి మెట్టు సీసా మీదే ఉంది. 1958లో కేరళలో ఓడలో వచ్చిన గోధుమపిండికి పారాథియాన్ అనే పురుగుమందు అంటుకుని వందమందికి పైగా చనిపోయారు. ఆ ఘోరం మీద జరిగిన విచారణ ఫలితంగానే 1968 పురుగుమందుల చట్టం, 1971 నియమాలు వచ్చాయి. సీసా మీద ఈరోజు మనం చూసే గుర్తు ఆ నియమాల సృష్టి. ఒక చతురస్రాన్ని మూలమీద నిలబెడితే వచ్చే ఆకారం అది. మధ్యలో గీత గీసి దాన్ని రెండు త్రిభుజాలు చేశారు. కింది త్రిభుజమంతా ఒకే రంగు: ఎరుపైతే అతి తీవ్ర విషం, పసుపైతే తీవ్రం, నీలమైతే మధ్యస్థం, ఆకుపచ్చైతే స్వల్పం. పై త్రిభుజంలో హెచ్చరిక మాట. ఎరుపు రకానికి మాటతోపాటు పుర్రె, అడ్డంగా రెండు ఎముకలు కూడా ఉండాలి. ఈ గుర్తు లేబుల్ ముఖంలో కనీసం పదహారో వంతు ఉండాలని నియమం. చదువురాని మనిషికి రంగు చెబుతుంది, చదువుకున్న మనిషికి మాట చెబుతుంది. వైద్యుడికి కావలసిన విషయం అదే లేబుల్ మీదా, డబ్బాలో పెట్టే కాగితం మీదా ఉంటుంది: మందు అసలు పేరు, విష లక్షణాలు, విరుగుడు. ఒకే అరచేతి జాగాలో ముగ్గురికీ వేరువేరుగా చెప్పగలగడం చిన్న నేర్పు కాదు.

ఆ లేబుల్ విలువ ఆసుపత్రిలో తెలుస్తుంది. పురుగుమందులన్నీ ఒకే జాతివి కావు. ఆర్గానోఫాస్ఫేట్‌లకు విరుగుడు ఉంది. కలుపు మందు పారాక్వాట్‌కు లేదు. పైగా పారాక్వాట్ లోపలికి వెళ్ళిన మనిషికి అవసరం లేకుండా ఆక్సిజన్ పెడితే ఊపిరితిత్తులు ఇంకా పాడవుతాయి. ఒక విషానికి ప్రాణం నిలిపేది ఇంకో విషానికి చేటు చేస్తుంది. అందుకే మనిషితోపాటు సీసానో, కనీసం దాని లేబులో ఆసుపత్రికి వెళ్ళాలి. సీసా మూత బిగించి, ఒక కవర్లో చుట్టి తీసుకెళ్ళాలి. సీసా తీసుకెళ్ళడం కుదరకపోతే లేబుల్‌ను ఫోన్లో ఫొటో తీసినా చాలు.

ఇక ఆ విషం ఒంట్లో ఏం చేస్తుందో అర్థం కావాలంటే ముందు ఒంటి పనితనం చూడాలి. నరం కొస కండరాన్ని నేరుగా తాకదు. రెంటి మధ్య సన్నటి సందు ఉంటుంది. ఒక మిల్లీమీటరును ఇరవై వేల భాగాలు చేస్తే అందులో ఒక భాగమంత సందు అది. మెదడు నుంచి వచ్చిన కబురు ఆ సందును దాటడానికి నరం కొస నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలవుతుంది. అవతలి ఒడ్డున దాన్ని అందుకునే గ్రాహకాలు ఉంటాయి. రసాయనం వాటిని తాకగానే కండరం ముడుచుకుంటుంది, గ్రంథి స్రవిస్తుంది, లేదా గుండె వేగం తగ్గుతుంది. నరం రసాయనం ద్వారా మాట్లాడుతుందని 1921లో నిరూపించినవాడు ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో పనిచేసిన ఓటో లోవీ. ఒక కప్ప గుండెను నెమ్మదింపజేసి, దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి రెండో గుండె మీద పోస్తే రెండోదీ నెమ్మదించింది. ఆ ద్రవంలో ఉన్నదే ఎసిటైల్‌కోలిన్. ఈ పరిశోధనకు 1936లో హెన్రీ డేల్‌తో కలిసి లోవీకి నోబెల్ బహుమతి వచ్చింది.

కబురు అందడం సగం పని. అందిన కబురును వెంటనే ఆపడం మిగతా సగం. నాగార్జునసాగర్ కుడికాలువ కింద నీళ్ళు పెట్టిన రైతుకు ఈ సంగతి ఒక్క మాటలో అర్థమవుతుంది. మడవ తెరిస్తే నీళ్ళు చేలోకి వస్తాయి. సమయానికి మడవ కట్టకపోతే అదే నీరు చేనును ముంచేస్తుంది. నరం సందులో మడవ కట్టే పని ఎసిటైల్‌కోలిన్‌ఎస్టరేజ్ అనే ఎంజైముది. ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాన్ని తాకి కబురు చెప్పగానే ఈ ఎంజైము దాన్ని పట్టుకుని రెండు ముక్కలు చేస్తుంది. ఒక్కో ఎంజైము అణువు సెకనుకు వేల సంఖ్యలో, సుమారు 25,000 దాకా, ఎసిటైల్‌కోలిన్ అణువుల్ని విరగ్గొట్టగలదు. ప్రకృతిలో మనకు తెలిసిన అతి చురుకైన ఎంజైముల్లో ఇదొకటి. మనం వేలు కదిపి వెంటనే ఆపగలుగుతున్నామంటే, కంటిపాప వెలుతురుకు తగ్గట్టు చిన్నదై మళ్ళీ విచ్చుకుంటోందంటే, దాని వెనక ఈ వేగమే ఉంది.

ఆ ఎంజైము ఆకారాన్ని 1991లో జోయెల్ సస్‌మన్ బృందం ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో ఎక్స్‌రే కిరణాలతో గీసి చూపింది. దాని పని జరిగే చోటు పైకి కనబడదు. రెండు నానోమీటర్ల లోతున్న సన్నని లోయ అడుగున ఉంటుంది. లోయ గోడలనిండా ఎసిటైల్‌కోలిన్‌ను ఆకర్షించి కిందికి దించే అమైనో ఆమ్లాలు. అడుగున సెరీన్ అనే అమైనో ఆమ్లం. ఎసిటైల్‌కోలిన్‌ను విరిచే అసలు పని సెరీన్‌దే. విరిచిన ముక్క క్షణకాలం సెరీన్‌కు అంటుకుంటుంది, నీటి అణువు వచ్చి దాన్ని ఊడదీస్తుంది, సెరీన్ మళ్ళీ ఖాళీ అవుతుంది. అంటుకోవడం, ఊడటం అనే ఈ రెండు పనుల మీదే మన ప్రతి కదలికా నడుస్తోంది.

ఆర్గానోఫాస్ఫేట్ విషం సరిగ్గా ఇక్కడే దెబ్బతీస్తుంది. అది కూడా ఆ లోయలోకి దిగుతుంది, సెరీన్‌కు అంటుకుంటుంది. తేడా ఏమిటంటే ఎసిటైల్‌కోలిన్ ముక్కను నీరు క్షణంలో ఊడదీసినట్టు ఈ ఫాస్ఫరస్ ముక్కను ఊడదీయలేదు. దానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. అంతదాకా ఆ ఎంజైము పనికిరాదు. మడవ కట్టేవాడు లేని కాలువలా సందులో ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోతుంది. జర్మన్ రసాయన శాస్త్రవేత్త గెర్హార్డ్ ష్రాడర్ 1930లలో పురుగుల్ని చంపే మందుల కోసమే వెతుకుతూ ఈ కుటుంబంలోని టాబున్‌ను, ఆ తరవాత సారిన్‌ను కనుగొన్నాడు. పారాథియాన్‌నూ తయారుచేసింది ఆయనే. పురుగు నరాల్లోనూ మనిషి నరాల్లోనూ మడవ కట్టే పద్ధతి ఒకటే కనుక పురుగు కోసం చేసిన మందు మనిషికీ తగులుతుంది.

ఈ ఒక్క సంగతి తెలిస్తే మందెక్కిన మనిషిలో కనిపించే లక్షణాలను బట్టీ పట్టాల్సిన పని లేదు. ఎసిటైల్‌కోలిన్ ఎక్కడెక్కడ పనిచేస్తుందో అక్కడల్లా పొంగు కనిపిస్తుంది. గ్రంథులు అదుపు తప్పుతాయి: చొంగ, కన్నీళ్ళు, ఒళ్ళంతా చెమట. పేగులు బిగుసుకుంటాయి: కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు. కంటిపాప సూదిమొనంత అవుతుంది, చూపు మసకబారుతుంది. ఊపిరి గొట్టాలు సన్నబడి, వాటిలో ద్రవం నిండి గురగుర మంటుంది. కండరాల దగ్గర ఆ పొంగు ఇంకో రూపంలో వస్తుంది: చర్మం కింద పురుగులు పాకుతున్నట్టు అదురు, ఆ తరవాత నీరసం, చివరికి ఊపిరి కండరాలే ఆగిపోవడం. మనిషిని చంపేది ముఖ్యంగా ఊపిరే. ఒకవైపు ఊపిరితిత్తుల్లో ద్రవం నిండుతుంది, ఇంకోవైపు ఊపిరి తీసే కండరాలు అలసిపోతాయి. చికిత్స అంతా ఈ రెండింటి మీదే కన్నేసి ఉంచుతుంది.

రెండో మెట్టు చేలోనే. విషం లోపలికి ఏ దారిన వెళుతుందో తెలిస్తే ఏం చేయాలో తెలుస్తుంది. మందు కొట్టేటప్పుడు ముక్కు కంటే చర్మం పెద్ద దారి. మన రైతులు కొట్టే మందుల్లో చాలావాటి సీసా మీద ఈసీ అని ఉంటుంది. అంటే మందును నూనెలాంటి ద్రావకంలో కరిగించి, నీళ్ళలో కలిసేలా చేశారన్నమాట. నీళ్ళలో పోయగానే తెల్లగా మారడం దాని గుర్తు. ఆ ద్రావకమే మందును చర్మం గుండానూ సులువుగా లోపలికి పంపుతుంది. ఎండలో, చెమటపట్టిన ఒంటి మీద ఆ దారి ఇంకా తెరుచుకుంటుంది. నడుముకు కారిన డబ్బా, తైవాన్ స్ప్రేయర్ గొట్టం నుంచి చేతికి జారిన చుక్క, ఏపుగా పెరిగిన తడి పత్తి కొమ్మలు తొడలకు రాసుకోవడం: ఇవే అసలు ప్రమాదాలు. ఆంధ్రప్రదేశ్ పత్తి పల్లెల్లో చేసిన ఒక అధ్యయనం 2005లో అచ్చయింది. మందు కొట్టేది మగవాళ్ళే అయినా, చిక్కటి మందును కలిపి డబ్బాలు నింపే ఆడవాళ్ళకూ అంతే ప్రమాదం ఉందని అది చూపింది. నీళ్ళు కలపని చిక్కటి మందే చేతికి తగులుతుంది కదా. నైట్రైల్ రబ్బరు గ్లవ్స్ కావలసింది ముందుగా ఆ చేతులకే. ఆసుపత్రుల్లో వాడే పలుచని లాటెక్స్ తొడుగుల గుండా ఈ మందులు దిగిపోతాయి.

కాబట్టి మందెక్కిన మనిషికి చేలో చేసే పని ఒక క్రమంలో సాగాలి. ముందు మందు కొట్టిన చోటు నుంచి, గాలి వచ్చే వైపుకు, నీడకు తీసుకెళ్ళాలి. తరవాత బట్టలు విప్పాలి. విప్పేవాళ్ళు చేతికి గ్లవ్స్ లేకపోతే మందమైన పాలిథిన్ సంచులైనా తొడుక్కోవాలి. తోలు చెప్పులు, తోలు బెల్టు, గడియారం పట్టీ కూడా తీయాలి, ఎందుకంటే తోలు మందును పీల్చుకుని వదలదు. ఆ తరవాత తల వెంట్రుకల నుంచి గోళ్ళ సందుల దాకా సబ్బుతో, ధారాళంగా నీళ్ళతో కడగాలి. కళ్ళలో పడితే పదిహేను నిమిషాలు నీళ్ళతో కడుగుతూనే ఉండాలి. స్పృహ తప్పితే ఎడమ పక్కకు పడుకోబెట్టాలి, చొంగ గొంతులోకి జారకుండా. మందు పొరపాటున కడుపులోకి వెళ్ళినా ఉప్పునీళ్ళు, పేడనీళ్ళు తాగించి వాంతి చేయించకూడదు. ఈసీ మందుల్లోని ద్రావకం వాంతితోపాటు ఊపిరితిత్తుల్లోకి జారితే అదొక రెండో ప్రమాదం. 108కు ఫోన్ చేసేటప్పుడే మందు పేరు చెప్పాలి.

బట్టలు విప్పడం చిన్న పనిలా కనిపిస్తుంది. ఆ చిన్న పని ఎంత పెద్దదో టోక్యోలో తెలిసింది. సెయింట్ లూక్స్ ఆసుపత్రికి ఆ ఒక్క రోజే 640 మంది వచ్చారు. మొదట ఏ విషమో ఎవరికీ తెలియదు. బాధితులు విషం అంటిన బట్టలతోనే లోపలికి వచ్చారు. బట్టలనుంచి లేచిన ఆవిరి వల్ల ఆసుపత్రి సిబ్బందిలో దాదాపు నాలుగోవంతు మందికి కళ్ళు మసకబారడం వంటి లక్షణాలు వచ్చాయి. ఆ తరవాత ప్రపంచమంతటా రసాయన దాడుల శిక్షణలో మొదటి పాఠం ఇదే అయింది: ఆసుపత్రి తలుపు బయటే బట్టలు విప్పి కడగాలి. రాజుపాలెం చేలో బోరు దగ్గర సబ్బుతో స్నానం చేయించే మనిషి అదే పాఠాన్ని అమలు చేస్తున్నాడు.

మూడో మెట్టు అట్రోపిన్. ఆసుపత్రి అలమారలో ఒక మిల్లీలీటరు గాజు ఆంప్యూల్‌గా ఉంటుంది. మన దగ్గర వాటిలో సాధారణంగా 0.6 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. అట్రోపిన్‌ను 1831లో జర్మన్ ఫార్మసిస్టు మైన్ బెల్లడోనా మొక్క నుంచి వేరుచేశాడు. మన చేలగట్ల మీద పెరిగే ఉమ్మెత్తలోనూ ఇదే జాతి రసాయనాలు ఉన్నాయి. అయితే ఉమ్మెత్తను నేరుగా మింగితే అదే విషం. ఒక్కో మొక్కలో, ఒక్కో గింజలో ఎంత ఉంటుందో ఎవరూ చెప్పలేరు. అదే రసాయనాన్ని శుద్ధిచేసి, తూచి, గాజులో మూసి పెడితే మందవుతుంది. ఫార్మసీ పనితనమంతా ఆ కొలతలోనే ఉంది.

అట్రోపిన్ విషాన్ని తాకదు, ఎంజైమునూ తాకదు. అది అవతలి ఒడ్డున ఉన్న గ్రాహకాల మీద కూర్చుంటుంది. గ్రంథులు, పేగులు, గుండె, ఊపిరి గొట్టాలు, కంటిపాప: వీటి దగ్గరి గ్రాహకాలు మస్కరినిక్ రకం. అట్రోపిన్ వాటిని కప్పేస్తుంది. సందులో ఎసిటైల్‌కోలిన్ ఎంత పేరుకున్నా దాని కబురు ఇక అందదు. అందుకే చొంగ ఆరుతుంది, ఊపిరి గొట్టాలు విచ్చుకుంటాయి, గుండె పుంజుకుంటుంది. కానీ కండరాల దగ్గరి గ్రాహకాలు వేరే రకం. వాటి మీద అట్రోపిన్ కూర్చోలేదు. కండరాల నీరసం దీనితో తగ్గదు. ఈ మందు ఏం చేయగలదో, ఏం చేయలేదో ఇంత స్పష్టంగా తెలియడం వల్లే వైద్యుడు దాన్ని ధైర్యంగా వాడగలుగుతున్నాడు.

వాడే తీరులోనే అసలు నేర్పు ఉంది. అట్రోపిన్‌కు ఇంత అని ముందే నిర్ణయించిన మోతాదు లేదు. ఎంత విషం ఎక్కితే మోతాదూ అంత. అందుకే వైద్యుడు ఒక మోతాదు ఇచ్చి, అయిదు నిమిషాలు ఆగి, మనిషిని పరీక్షిస్తాడు. సరిపోకపోతే మోతాదును రెట్టింపు చేస్తాడు. మళ్ళీ అయిదు నిమిషాలు. తీవ్రంగా మందెక్కిన మనిషికి కొద్దిసేపట్లో పదుల ఆంప్యూళ్ళు ఖర్చవుతాయి. ఆ అయిదు నిమిషాలకోసారి చూసేది ఐదు సంగతులు. స్టెతస్కోప్ పెట్టి ఊపిరితిత్తుల్లో గురగుర పోయిందా అని వింటారు. నాడి నిమిషానికి 80 దాటిందా, రక్తపోటు పై అంకె 80కి పైన ఉందా చూస్తారు. చంకల్లో చెయ్యిపెట్టి చెమట ఆరిందా అని చూస్తారు. కంటిపాప ఇంకా సూదిమొనలాగే ఉందా అని టార్చి వేసి చూస్తారు. ఈ అయిదింటిలో ఊపిరే ముఖ్యం. కంటిపాప నెమ్మదిగా విచ్చుకున్నా పరవాలేదు. నాడి వేగంగా ఉందని అట్రోపిన్ ఆపకూడదు, ఊపిరితిత్తులు తేటబడేదాకా ఆపకూడదు.

అక్కడితో అయిపోదు. ఊపిరితిత్తులు తేటపడ్డాక, అప్పటిదాకా ఇచ్చిన మొత్తంలో గంటకు పది నుంచి ఇరవై శాతం చొప్పున సెలైన్‌లో ఎక్కిస్తూ ఉంటారు. ఎక్కువైతే అట్రోపిన్ తన లక్షణాలు తాను చూపిస్తుంది: జ్వరం, పిచ్చిమాటలు, మూత్రం బిగుసుకోవడం, పేగుల చప్పుడు ఆగిపోవడం. అప్పుడు కాసేపు ఆపి, తక్కువ వేగంతో మళ్ళీ మొదలుపెడతారు. తక్కువైతే గురగుర మళ్ళీ మొదలవుతుంది. ఇటు విషం, అటు మందు. ఆ రెండింటి మధ్య సన్నటి గట్టు మీద మనిషిని నడిపించడానికి నర్సు ఒక పట్టికలో గంటగంటకూ ఈ అంకెలు రాసి ఉంచాలి. వార్డులో ఒక మనిషి రాత్రంతా కూర్చుని రాసిన ఆ పట్టికే ప్రాణం నిలిపే అసలు యంత్రం.

నాలుగో మెట్టు ప్రాలిడాక్సిమ్. వైద్యులు పామ్ అని పిలుస్తారు. ఇది అట్రోపిన్ చేయలేని పని చేస్తుంది. 1955లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఐ.బి. విల్సన్, ఎస్. గిన్స్‌బర్గ్ దీన్ని ఆలోచించి తయారుచేశారు. లోయ అడుగున సెరీన్‌కు అంటుకున్న ఫాస్ఫరస్ ముక్కను ఊడదీయగల అణువు ఎలా ఉండాలి? ఒక కొసకు ఎసిటైల్‌కోలిన్‌లాంటి ధనావేశం ఉండాలి, ఆ లోయ దాన్ని లోపలికి పిలిచేలా. ఇంకో కొసకు ఆక్సిమ్ అనే గుంపు ఉండాలి, ఫాస్ఫరస్ ముక్కను సెరీన్ నుంచి తనవైపు లాక్కునేలా. ఆ రెండూ ఒకే అణువులో కుదిరినప్పుడు ఎంజైము మళ్ళీ ఖాళీ అవుతుంది, మడవ కట్టే పని మొదలవుతుంది. కండరాల దగ్గర కూడా ఇది పనిచేస్తుంది.

అయితే దీనికి కాలంతో పందెం ఉంది. సెరీన్‌కు అంటుకున్న ముక్క కొంతసేపటికి ఒక భాగాన్ని పోగొట్టుకుని గట్టిపడుతుంది. శాస్త్రవేత్తలు దీన్ని ఏజింగ్ అంటారు. ఒకసారి అలా గట్టిపడ్డాక పామ్ దాన్ని ఊడదీయలేదు. శరీరం కొత్త ఎంజైమును తయారుచేసుకోవాల్సిందే. ఈ సమయం ఒక్కో విషానికి ఒక్కోలా ఉంటుంది. క్లోరిపైరిఫాస్ లాంటి డైఎథైల్ జాతి మందులకు సగం ఎంజైము గట్టిపడటానికి ఒక రోజుకు పైగా పడుతుంది. డైమిథోయేట్ లాంటి డైమిథైల్ జాతికి నాలుగు గంటలు కూడా పట్టదు. సారిన్‌కు కొన్ని గంటలు. సీసా వెంట తీసుకెళ్ళాలనడానికి ఇదొక కారణం: పేరు తెలిస్తే ఎంత సమయం చేతిలో ఉందో వైద్యుడికి తెలుస్తుంది. పామ్ ఎంత ఉపయోగమన్నది వైద్యులు ఇంకా తర్కించుకుంటూనే ఉన్నారు. మన దేశంలో బారామతిలో జరిగిన ఒక అధ్యయనం ఎక్కువ మోతాదులో మేలు చూపగా, శ్రీలంకలో జరిగిన అధ్యయనం ఆ మేలును చూపలేదు. అట్రోపిన్ విషయంలో మాత్రం ఎవరికీ సందేహం లేదు.

అయిదో మెట్టు ఓపిక. 1987లో శ్రీలంక వైద్యులు సేనానాయకే, కరాళ్ళియద్దె ఒక సంగతి గుర్తించారు. మొదటి ప్రమాదం గట్టెక్కి, కోలుకున్నట్టు కనిపించిన కొందరికి ఒక రోజు నుంచి నాలుగు రోజుల లోపు మెడ కండరాలు, ఊపిరి కండరాలు నీరసించి ఊపిరి ఆగే ప్రమాదం వస్తోంది. తలను దిండు మీంచి ఎత్తలేకపోవడం దాని మొదటి గుర్తు. అప్పుడు కావలసింది ఊపిరి యంత్రం. అది కొన్ని రోజులు ఊపిరి పోస్తే కండరాలు తిరిగి పుంజుకుంటాయి. ఇల్లు చేరాలని తొందరపడే మనిషిని "తల ఎత్తు నాయనా" అంటూ రోజుకు నాలుగుసార్లు పరీక్షించే వైద్యుడు ఈ సంగతి తెలిసినవాడు. ఎవరికైనా మందెక్కితే ఇంటివాళ్ళు నాలుగు రోజులు ఆసుపత్రిలోనే ఉండటానికి సిద్ధపడాలి.

టోక్యోలో ఈ మెట్లలో చాలావరకు ఒకే ఉదయాన ఒకేసారి కావలసివచ్చాయి. పురుగుమందు బాధితుల కోసం ఆసుపత్రుల్లో ఉంచిన పామ్, అట్రోపినే ఆ రోజు సారిన్ బాధితులకూ వాడారు. పొలాల ప్రమాదం కోసం సిద్ధం చేసుకున్న పనితనం నగరం మీద జరిగిన దాడిలో ఆదుకుంది. సైన్యాలు ఇదే జంటను ఆటోఇంజెక్టర్‌గా మార్చుకున్నాయి. గట్టిగా తొడకు నొక్కితే లోపలి స్ప్రింగు సూదిని బట్టల మీదనుంచే కండరంలోకి దింపి మందు వదులుతుంది. చేతులు వణుకుతున్న మనిషి కూడా తనకు తానే పొడుచుకోగలిగేలా చేసిన పరికరం అది. మన దేశంలో గ్వాలియర్‌లోని డీఆర్‌డీఈ అనే రక్షణ పరిశోధన ప్రయోగశాల ఇలాంటివి తయారుచేసింది.

పల్నాడుకు అలాంటి పరికరం అక్కర్లేదు. కావలసినవన్నీ అందుబాటులోనే ఉన్నాయి, ఉండాల్సిన చోట ఉంచుకోవడమే మిగిలింది. ప్రమాదం తగ్గించే పని కొంత ప్రభుత్వమూ చేసింది: మోనోక్రోటోఫాస్ 36 శాతం పురుగుమందును 2023లో నిలిపివేసింది. ఫోరేట్, ట్రైజోఫాస్, డైక్లోర్వాస్ లాంటివి 2020 చివరి నుంచి నిషేధంలో ఉన్నాయి. చేను దగ్గర రెండు బిందెల మంచినీళ్ళు, ఒక సబ్బు, ఒక జత ఉతికిన బట్టలు ఉంచుకోవడం రైతు చేతిలో పని. మందు కలిపే మనిషికి నైట్రైల్ గ్లవ్స్ కొనడం పొలం యజమాని పని. గాలికి ఎదురు నిలబడకుండా కొట్టడం, మూతపడ్డ నాజిల్‌ను నోటితో ఊదకపోవడం, బీడీ ముట్టించేముందు చేతులు కడగడం అలవాటు పని. అట్రోపిన్ ఆంప్యూళ్ళు అయిపోకుండా చూసుకోవడం, నర్సులకు పట్టిక రాయడం నేర్పడం ఆసుపత్రి పని. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చల అర్థం పిల్లలకు చెప్పడం బడి పని.

ఈ పనుల్లో ఏదీ గుడ్డిగా వచ్చింది కాదు. బట్టలు విప్పమనడం వెనక చర్మం గుండా దిగే ద్రావకం ఉంది. సీసా తెమ్మనడం వెనక సెరీన్ మీద గట్టిపడే ముక్క ఉంది. చెమట ఆరిందా అని చంకలో చెయ్యిపెట్టడం వెనక మస్కరినిక్ గ్రాహకం ఉంది. నాలుగు రోజులు ఇంటికి పంపకపోవడం వెనక మెడ కండరం ఉంది. లోవీ కప్ప గుండె నుంచి రాజుపాలెం రైతు ఊపిరి దాకా ఒక్కో మనిషి ఒక్కో కారణాన్ని కనుక్కుని, ఒక్కో మెట్టు కట్టాడు. ఆ కారణాలు తెలిసినవాడు కంగారులో వరస తప్పడు, ఎందుకంటే ప్రతి పనీ తన ముందున్న కారణంలోంచే పుట్టింది.